కాళ్ళ బేరం

మా ఇంటి గుమ్మం ముందు ఇవాళ్టికి పదకొండు జతల చెప్పులున్నాయి. ఇంట్లో ఉండేది నలుగురం. పక్క ఫ్లాటులోకి కొత్తగా వచ్చినాయన వాటిని చూసి, లోపల సత్యనారాయణ వ్రతం జరుగుతోందనుకుని, కాళ్ళు కడుక్కుని మరీ వచ్చి కూర్చున్నాడు. ప్రసాదం లేకపోయేసరికి కాఫీ ఇచ్చి పంపించి లెక్క చూస్తే, పదకొండింటిలో ఎనిమిది నావే. ఆ ఎనిమిదిలో ఏడు జతలు నా కాళ్ళకు పనికిరావు. దేశం ముందున్న సమస్యల జాబితాలో దీనికి దక్కవలసిన స్థానం ఇంకా దక్కలేదని పెద్దలకు మనవి చేసుకుంటున్నాను.

నాకు యాభై నిండాయి. నలభై తొమ్మిదేళ్ళ దాకా నాకు కాళ్ళున్నాయన్న సంగతే నాకు గుర్తు లేదు. ఒకనాడు పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టయింది. రెండో అడుగుకు గోడను, మూడో అడుగుకు కుర్చీని ఆశ్రయించాను. పది అడుగులు వేసేసరికి నొప్పి తగ్గిపోయి, స్నానాల గది దాకా మామూలు మనిషిలాగే నడిచాను. ఆ తగ్గడంలోనే ఉంది మోసమంతా. కాసేపు కూర్చుని లేస్తే చాలు, అప్పిచ్చినవాడిలా మళ్ళీ గుమ్మంలో నిలబడి ఉంటుంది.

ఎముకల డాక్టరు గారు బొటనవేలితో మడమ కింద ఒకచోట నొక్కారు. నేను అరిచిన అరుపుతోనే రోగ నిర్ధారణ అయిపోయింది. దాని పేరు ప్లాంటార్ ఫేషియైటిస్ అట. పేరు వినగానే సగం నొప్పి తగ్గింది. మా తాతకూ ఇదే వచ్చి ఉంటుంది గానీ, పాపం ఆయన దాన్ని మడమ పోటు అనుకుంటూనే పోయాడు. మడమ ఎముక దగ్గర మొదలై వేళ్ళ మొదళ్ళ దాకా అరికాలి కింద మందపాటి పట్టీ ఒకటి ఉంటుందని, వింటికి నారిలాగా పాదం వంపును అదే పట్టి ఉంచుతుందని, రాత్రంతా బిగుసుకుని ఉన్న ఆ పట్టీ పొద్దున మొదటి అడుగుకు ఒక్కసారిగా సాగడం వల్లే ఆ పోటు అని ఆయన చెప్పారు. నలభైకీ అరవైకీ మధ్య వయసులో ఇది మామూలేనట. ఎక్స్‌రేలో మడమ ఎముకకు చిన్న ముల్లు కూడా కనిపించింది. నొప్పి లేనివాళ్ళలోనూ చాలామందికి అది ఉంటుంది, పట్టించుకోవద్దన్నారు. నేను పట్టించుకున్నాను. ఈ వయసులో నాలో పొట్ట కాకుండా ఇంకొకటి కూడా పెరుగుతోందని తెలిస్తే ఎవరు మాత్రం పట్టించుకోరు?

పిక్కలు సాగదీసే వ్యాయామం రాశారు. గడ్డకట్టిన నీళ్ళ సీసాను అరికాలి కింద దొర్లించమన్నారు. మంచి చెప్పులు వేసుకోమన్నారు. చివర్లో, నేను తలుపు దాకా వెళ్ళాక, "ఇంట్లో కూడా" అన్నారు. ఆ రెండు మాటల విలువ నాకు అప్పుడు తెలియలేదు.

మంచి చెప్పుల కోసం కాలికి బలపం కట్టుకుని తిరిగాను. మామూలుగా మన దేశంలో చెప్పులరిగేలా తిరిగేది కార్యాలయాల చుట్టూ. నేను చెప్పుల కోసమే చెప్పులరగదీశాను. మొదటి దుకాణంలో మెత్తని చెప్పులు చూపించమంటే కుర్రాడు వినయంగా, "నాన్నగారికా సార్?" అన్నాడు. అవునన్నాను. నాన్నగారి పాదం అచ్చం నా పాదంలాగే ఉంటుందని, అందుకే నేను వేసుకుని చూస్తున్నానని అబద్ధం మీద అబద్ధం ఆడవలసి వచ్చింది. బిగుతుగా ఉన్నాయంటే, "వాడుతుంటే సాగుతాయి సార్" అన్నాడు. ఇంకో జత వదులుగా ఉందంటే, "వాడుతుంటే కుదురుకుంటాయి సార్" అన్నాడు. వాడుతుంటే కరిచాయి.

ఇక్కడ సైజుల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మన చెప్పుల అడుగున వేసే ఎనిమిది, తొమ్మిది అనే అంకెలు ఇంగ్లండువాళ్ళ బార్లీ గింజల లెక్క. మూడు గింజలు పొడుగ్గా వరసబెడితే ఒక అంగుళం, సైజుకూ సైజుకూ తేడా ఒక గింజ, అంటే సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్ళయినా నా పాదం పరాయి దేశపు బార్లీతోనే తూగుతోంది. అలాగని మనవాళ్ళ దగ్గర బార్లీ లేదా అంటే ఉంది. పూర్వం మన లెక్కలో ఎనిమిది యవలు ఒక అంగుళం, అంటే ఇంచి కాదు, వేలి వెడల్పు. ఆ యవలంటే బార్లీయే. కాకపోతే వాళ్ళు గింజను నిలువుగా పెట్టి కొలిచారు, మనం అడ్డంగా పెట్టి కొలిచాం. అడ్డం సంగతి మనకు అప్పుడే తెలుసన్నమాట. 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా చెన్నైలోని కేంద్రీయ తోళ్ళ పరిశోధన సంస్థ దేశమంతటా లక్ష మందికి పైగా పాదాలను కొలిచి, మన పాదాలు పాశ్చాత్యుల పాదాల కంటే వెడల్పని తేల్చింది. ఇంతకాలం కరిచింది చెప్పు కాదు, బార్లీ గింజ. 'భ' అనే పేరుతో మన సొంత కొలతల పద్ధతిని ప్రతిపాదించారు కూడా. పసిపిల్లలతో మొదలుపెట్టి వయసును బట్టి, ఆడా మగా తేడాను బట్టి ఎనిమిది తరగతులు చేశారు. పెద్దవాళ్ళం కాగానే తరగతులు అయిపోయాయి. వయసుతో పాటు పాదంలోని కట్లు సడలి, అది ఇంకొంచెం పొడుగై, ఇంకొంచెం విచ్చుకుంటుంది. నడివయసువాళ్ళకు తొమ్మిదో తరగతి ఒకటి ఉండాలని నేను ఇందుమూలంగా డిమాండు చేస్తున్నాను.

సాయంత్రానికి కాళ్ళు కాస్త ఉబ్బుతాయి కాబట్టి చెప్పులు సాయంత్రమే కొనాలట. నేను మొదటి మూడు జతలూ పొద్దున్నే, తాజా కాళ్ళతో కొన్నాను. నాలుగో జత సాయంత్రం కొన్నాను గానీ, ఆ రోజు పెళ్ళి భోజనం చేసి ఉన్నాను. వాపును చూసి బలుపు అనుకున్నట్టయింది. ఆ జత ఇప్పుడు మా తమ్ముడికి కూడా వదులు.

ఐదో జత మెమొరీ ఫోమ్‌ది. 1966లో నాసా వాళ్ళ కోసం, విమానాల సీట్లలో వేయడానికి తయారుచేసిన పదార్థం. అడుగులకు మడుగులొత్తడమనే మాటను మనం ఇంతకాలం నాయకుల చుట్టూ తిరిగేవాళ్ళకు వాడాం గానీ, దాన్ని అక్షరాలా ఆచరించేది ఈ ఫోమే. వేసుకున్న మొదటి వారం నేను ఏలినవారిలా నడిచాను. మూడో వారానికి అసలు రంగు బయటపడింది. మడుగులొత్తేవాళ్ళ స్వభావమే అంత. మన బరువంతా వాళ్ళ మీద పడే రోజున అణిగిపోయి నేలకు అంటుకుంటారు. మడమకు కావలసింది మెత్తదనం ఒక్కటే కాదని, వంపును కింద నుంచి గట్టిగా నిలబెట్టే ఆసరా అని, మంచి బూటును చేత్తో వంచితే వేళ్ళ దగ్గర వంగాలి గానీ నడుమ దగ్గర మడతపడకూడదని డాక్టరు గారు అప్పుడు చెప్పారు. డబ్బు కట్టేశాకే జ్ఞానం వస్తుందనేది ఆరో జతకూ వర్తించింది, దాని గురించి చెప్పను. ఏడోది ముళ్ళ చెప్పులు. ఏ నరం ఎక్కడ నొక్కితే ఏ అవయవం బాగుపడుతుందో పెట్టె మీద బొమ్మ వేసి ఉంది. వాటితో నాలుగడుగులు వేశాక కాలు కాలిన పిల్లి సంగతి నాకు బాగా అర్థమైంది.

చివరికి మందుల దుకాణంలో ఎనిమిదో జత దొరికింది. ఎం.సి.ఆర్. చెప్పులు, అంటే మైక్రో సెల్యులర్ రబ్బరు అనే మెత్తని రబ్బరువి. చూడటానికి చెప్పుకు ఉండవలసిన అందం ఒక్కటీ లేదు. వేసుకుంటే మాత్రం కాలు నేల మీద ఆనినట్టే ఉండదు. ఈ రబ్బరుకు ఒక చరిత్ర ఉంది. వెల్లూరులో పాల్ బ్రాండ్ అనే వైద్యుడు, ఆయనతో పనిచేసినవాళ్ళు కుష్ఠు వల్ల స్పర్శ పోయిన పాదాలను పుండ్లు పడకుండా కాపాడటానికి ఇలాంటి మెత్తని రబ్బరు చెప్పులు చేయించారు. నొప్పి తెలియని పాదాల కోసం పుట్టిన చెప్పు, నాలాగా ప్రతి చిన్న నొప్పినీ ఊరంతా చాటుకునేవాడి కాళ్ళకు చేరింది. ఈ ఒక్క వాక్యం నేను వ్యంగ్యంగా రాయలేదు.

ఎం.సి.ఆర్. చెప్పులకు ఇంకో సుగుణం ఉంది. వాటిని ఎవరూ ఎత్తుకుపోరు. గుడి ముందు వదిలి రెండు గంటలు వరసలో నిలబడి వచ్చినా వదిలినచోటే, వదిలిన కోణంలోనే ఉంటాయి. గుళ్ళో చెప్పులు పోతే శని వదిలిందంటారు. ఆ లెక్కన నా శని నన్ను ఇక వదలదు.

అయితే, నొప్పి తగ్గిందా అంటే లేదు. ఇక్కడే డాక్టరు గారు తలుపు దగ్గర అన్న ఆ రెండు మాటలు గుర్తుకొచ్చాయి. ఆదివారం పూట కూర్చుని లెక్కవేశాను. రోజు మొత్తంలో నేను చెప్పులతో నడిచేది గంటన్నర. మిగతాదంతా ఇంట్లో, ఉత్త కాళ్ళతో, అద్దంలా మెరిసే టైల్స్ మీద. మా నాయనమ్మ ఇంట్లో పేడతో అలికిన మట్టి నేల ఉండేది, అడుగేస్తే నేల కూడా కాస్త సర్దుకునేది. మా నాన్న హయాంలో తాండూరు నాపరాళ్ళు వచ్చాయి. చిన్నాన్న బేతంచెర్ల రాయి వేయించాడు. నేను అప్పుచేసి మరీ విట్రిఫైడ్ టైల్స్ వేయించాను. ఆ నేల మీద గ్లాసు పడితే గ్లాసు పగులుతుంది, మడమ పడితే మడమ పగులుతుంది. తరతరానికీ మా నేల గట్టిపడింది, మా మడమ మాత్రం నాయనమ్మ కాలం నాటిదే. వేలు పోసి కొన్న మెత్తదనమంతా గడప బయట వరసగా విశ్రాంతి తీసుకుంటుంటే, యజమాని లోపల రాతి మీద నడుస్తున్నాడు.

ఇంట్లో చెప్పులు వేసుకుంటానని ప్రకటించాను. మా అమ్మకు డెబ్బై ఎనిమిది. ఆమె అరికాలి మంట నెత్తికెక్కింది. "ఒరే, ఇది ఇల్లా, బస్టాండా?" అంది. కొత్తవి, గడప దాటనివి, వీధి మొహం చూడనివి అని విన్నవించుకున్నాను. గడప దాటనివైనా చెప్పులు చెప్పులేనంది. భరతుడు పాదుకలను ఏకంగా సింహాసనం మీద పెట్టి పద్నాలుగేళ్ళు కొలిచాడు కదా, నేను నేల మీదే కదా వేసుకుంటానంటున్నది అని పురాణం తీశాను. "నువ్వు రాముడివీ కావు, అవి పాదుకలూ కావు. తగ్గింపు ధరకు వచ్చినవి" అంది. పాదుకలు సింహాసనం మీద ఉన్నన్నాళ్ళూ అడవిలో ఆయన మడమల సంగతేమిటని ఎవరైనా అడిగారా అనబోయి ఊరుకున్నాను. చెప్పులోని రాయి, ఇంటిలోని పోరు ఒకే కోవవని మనవాళ్ళు ఎప్పుడో తేల్చారు.

అమ్మ ముందుగా ఇటుక వైద్యం చేయించింది. ఇటుక కాల్చి, దాని మీద జిల్లేడాకులు పరిచి మడమతో తొక్కాలి. ఐదో అంతస్తులో ఇటుక ఎక్కడిది? పక్క వీధిలో కడుతున్న ఇంటి దగ్గర మేస్త్రీని అడిగితే, ఎన్ని లోడ్లు కావాలన్నాడు.

చివరికి నేనే కాళ్ళ బేరానికి వచ్చాను. ఒప్పందం ప్రకారం ఇంటి చెప్పులు పూజగది ఉన్న వైపు తిరగవు. వంటింట్లోకి రావు. చుట్టాలు వస్తే సోఫా కిందికి పోతాయి. అమ్మ చూపు పడినప్పుడు వాటిలో నా కాళ్ళు ఉండకూడదు. ఈ చివరి షరతు అమలు కొంచెం కష్టంగా ఉంది.

చర్చలు సాగినన్ని రోజులూ మా ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదు. ఒప్పందం కుదిరిన రోజున, "వంటింట్లోకి రావు అన్నది బాగుంది, అక్కడ ఎలాగూ మీరు నిలబడరు" అంది. అప్పుడు చూశాను. పొయ్యి ముందు గోనెసంచి నాలుగు మడతలు వేసి ఉంది. ఎప్పటి నుంచని అడిగితే నాలుగేళ్ళ నుంచనీ, మడమలు నొప్పని చెబితే బామ్ రాసుకోమన్నది నేనేననీ చెప్పింది. ఆవిడ నొప్పికి ఇంతవరకు పేరు పెట్టించలేదు. ఖర్చు సున్నా. ఆ గోనెసంచి మీద ఆవిడ లేనప్పుడు ఒకసారి నిలబడి చూశాను. నా ఐదో జత కంటే నయం.

ఇంటి చెప్పుల వల్లనో, పిక్కల వ్యాయామం వల్లనో, మూడు నెలలకు నొప్పి తగ్గుముఖం పట్టింది. ఆ శుభవార్త చెప్పగానే అమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కి, అసలు విషయం బయటపెట్టింది. నా మడమ పూర్తిగా నయమైతే అలిపిరి నుంచి నన్ను కాలినడకన కొండ ఎక్కిస్తానని ఏడుకొండలవాడికి మొక్కుకుందట. 3,550 మెట్లు. చెప్పులు లేకుండా.

పోయిన వారం డాక్టరు గారు మడమ కింద అదే చోట బొటనవేలితో నొక్కి, ఎలా ఉందన్నారు. నొప్పి లేదు. మోకాళ్ళు చూపించుకోవడానికి వచ్చిన అమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. మొదటిసారి కంటే గట్టిగా అరిచాను.