ఎమ్మెల్యే గారూ, సభలో ఏం జరిగిందో చెప్పండి

మన ఎమ్మెల్యేలు రోజూ ఏం చేస్తున్నారో తెలియాలంటే వాట్సాప్ తెరిస్తే చాలు. ఫలానా వార్డులో సీసీ రోడ్డుకు శంకుస్థాపన, ఫలానా ఊళ్ళో పరామర్శ, ఫంక్షన్ హాల్లో వధూవరులకు ఆశీర్వాదం, క్యాంపు ఆఫీసులో సీఎం సహాయ నిధి చెక్కుల పంపిణీ. సాయంత్రానికి అవే ఫొటోలు ఫేస్‌బుక్‌లో, మర్నాడు పేపరు జిల్లా పేజీలో. కానీ మనం ఓటేసి ఆయన్ని పంపింది శాసనసభకు. అక్కడ ఆయన ఏం అడిగారు, మంత్రి ఏం జవాబిచ్చారు, ఏ బిల్లు పాసయింది, దానివల్ల మన మండలంలో ఏం మారుతుంది? ఇన్ని ఫొటోల్లో ఈ ముక్క మాత్రం దొరకదు.

దీనికి ఎంత మూల్యం చెల్లిస్తామో ఆంధ్రప్రదేశ్ భూమి హక్కు చట్టం చూపించింది. ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్ అంటే అందరికీ గుర్తుంటుంది. భూమి తగాదాలను సివిల్ కోర్టుల పరిధి నుంచి తప్పించి టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారికి, ఆపైన అప్పీలు అధికారికి అప్పగించిన చట్టం అది. ఆ తర్వాత మిగిలేది హైకోర్టే. రైతు జీవితంలో ఇంతకన్నా పెద్ద మార్పు ఏముంటుంది? బిల్లు సభ దాటింది, 2023 అక్టోబరు చివర్లో చట్టం అమల్లోకి వచ్చింది. అయినా ఊళ్ళలో దాని పేరు వినపడింది లాయర్లు కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కాకే. అసలు చర్చ 2024 ఎన్నికల ప్రచారంలో జరిగింది. అప్పటికి అది చర్చగా మిగల్లేదు. ఒకరు మీ పొలం పోతుందన్నారు, ఇంకొకరు అదంతా అబద్ధమన్నారు. ప్రభుత్వం మారింది, కొత్త ముఖ్యమంత్రి రెండో సంతకం ఆ చట్టం రద్దు ఫైలు మీదే పెట్టారు, జూలైలో సభ దాన్ని రద్దు చేసింది. చట్టం మంచిదా చెడ్డదా అన్నది వేరే వాదన. నూట డెబ్భై ఐదు మంది సభ్యులున్న సభ దాన్ని ఆమోదించినప్పుడు, తమ మండలాలకు తిరిగొచ్చి రచ్చబండ దగ్గర కూర్చుని, ఇదీ చట్టం, ఈ సెక్షన్ ఇలా ఉంది, మీ అనుమానాలేమిటి అని అడగడం ఒక పద్ధతిగా ఉండి ఉంటే, రైతు ఆ సంగతిని ఎన్నికల మైకులో వినాల్సి వచ్చేది కాదు.

తెలంగాణలోనూ ఇదే కథ. 2020 సెప్టెంబరులో భూమి హక్కుల రికార్డుల కొత్త చట్టం (ఆర్‌ఓఆర్) వచ్చింది, వీఆర్వో వ్యవస్థ పోయింది, అక్టోబరు 29న భూ రికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది. పాస్‌బుక్ రాక, పార్ట్-బి అనే వివాదాస్పద భూముల జాబితాలో చిక్కుకున్నవాళ్ళు, సొంత భూమి నిషేధిత జాబితాలో కనపడి గుండె జారినవాళ్ళు తహసీల్దారు ఆఫీసు నుంచి కలెక్టరేట్‌కు, అక్కణ్ణుంచి ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి తిరిగారు. 2024 డిసెంబరులో సభ ధరణి స్థానంలో భూభారతి తెచ్చే బిల్లును ఆమోదించింది. మన నియోజకవర్గంలో పార్ట్-బి కేసులు ఎన్ని, ఎన్ని తేలాయి, తేలనివాటికి కారణమేంటి? ఈ మూడు ప్రశ్నలకు మూడు నెలలకోసారి ఒక్క పేజీలో జవాబు రాసి పంచాయతీ నోటీసు బోర్డుకు అంటించడం ఏ ఎమ్మెల్యేకూ శక్తికి మించిన పని కాదు.

ఎందుకు చేయరంటే, తప్పంతా ఎమ్మెల్యేదేనని నేను అనను. ముందు సభ సంగతి చూడాలి. రాజ్యాంగం పనితీరును సమీక్షించిన వెంకటాచలయ్య కమిషన్ 2002లోనే పెద్ద శాసనసభలు ఏడాదికి కనీసం 90 రోజులు కూర్చోవాలని చెప్పింది. ఇటీవలి ఏళ్ళలో దేశంలో రాష్ట్రాల సగటు ఇరవై రోజుల చుట్టూ తిరుగుతోంది. సగానికి అటూ ఇటూగా బిల్లులు పెట్టిన రోజో మర్నాడో పాసైపోతున్నాయి. బిల్లు ప్రతి చదవడానికే టైము లేని సభ్యుడు దాని గురించి ఊరికి ఏం చెప్తాడు? ఆయనకు పీఏ ఉంటాడు, గన్‌మెన్ ఉంటారు. బిల్లు చదివి నోట్ రాసిచ్చే మనిషి ఒక్కడూ ఉండడు. ఇక ఓటంటారా, మూజువాణి. స్పీకర్ అనుకూలురు ఎవరు, వ్యతిరేకులు ఎవరు అని అడుగుతారు, గొంతులు వినపడతాయి, బిల్లు ఆమోదం పొందింది అంటారు. ఎవరైనా పట్టుబట్టి డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు, కోరితే తప్ప ఎవరు ఎటు ఓటేశారో రికార్డు ఉండదు. ఇలాగే ఓటేయాలని పార్టీ విప్ జారీ చేస్తే, ధిక్కరించినవాడి సభ్యత్వం పోగొట్టే పదో షెడ్యూల్ (ఫిరాయింపుల చట్టం) భయం సరేసరి.

సభకు వెళ్ళకపోవడం ఇంకో జబ్బు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రతిపక్షంలో ఉన్నప్పుడు వైఎస్సార్‌సీపీ 2017 నుంచి సభను బహిష్కరించింది. 2021 నవంబరులో చంద్రబాబు ముఖ్యమంత్రిగానే మళ్ళీ వస్తానని చెప్పి బయటికి నడిచారు. 2024 తర్వాత మళ్ళీ వైఎస్సార్‌సీపీ వంతు. ప్రతి పార్టీకీ తన కారణం ఉంటుంది, అవమానాలు నిజమే కావచ్చు. కానీ పులివెందులైనా కుప్పమైనా, ఓటేసినవాడి తరఫున ప్రశ్న అడగాల్సిన కుర్చీ ఖాళీగా ఉంటే నష్టపోయేది ఆ ఓటరే. ఈ మాట నాయకులకు చెప్పాల్సింది వాళ్ళ కార్యకర్తలే.

వేరే పద్ధతి సాధ్యమా అని అడిగేవాళ్ళు అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్న బంధువులను అడగండి. రెడ్మండ్, బెల్లెవ్యూ చుట్టుపక్కల మనవాళ్ళు బాగా ఉన్నారు. అక్కడ మన నియోజకవర్గం లాంటి ఒక్కో శాసనసభ జిల్లాకు ఒక సెనేటరు, ఇద్దరు ప్రతినిధులు. సమావేశాలు బేసి ఏడాదిలో 105 రోజులు, సరి ఏడాదిలో 60. ఆ రోజుల్లో ప్రతినిధి ఆఫీసు నుంచి మెయిల్ వస్తుంది: ఫలానా నంబరు బిల్లు, నేను ఇలా ఓటేశాను, కారణమిది, ఫలానా శనివారం టౌన్‌హాల్ మీటింగు, రండి. బిల్లు తుది ఆమోదంలో ప్రతి సభ్యుడి ఓటూ నమోదు కావాలని ఆ రాష్ట్ర రాజ్యాంగమే చెప్తుంది. ప్రభుత్వ ఖర్చుతో పంపే ఉత్తరాలు ప్రచారంగా మారకుండా ఎన్నికల ఏడాదిలో వాటికి చట్టమే హద్దులు పెట్టింది. అక్కడా సొంత డబ్బా ఉంటుంది, ఫొటోలూ ఉంటాయి. అయినా వాటి మధ్య బిల్లు నంబరు, ఓటు ఉంటాయి. అవి ఉన్నాయి కాబట్టే జనం నిలదీయగలరు.

“మా జనానికి చట్టాలెందుకండీ, చెక్కులు కావాలి” అని మన ఎమ్మెల్యేలు అంటారు. ఇందులో కొంత నిజముంది. ఆరోగ్యశ్రీలో లేని జబ్బుకు అప్పుచేసి వైద్యం చేయించుకున్న కుటుంబానికి సీఎం సహాయ నిధి చెక్కే దిక్కు. కానీ ఆ దారి ఎమ్మెల్యే లెటర్‌హెడ్ గుండా వెళ్ళేలా పెట్టింది ఎవరు? తెలంగాణలో ఆడపిల్ల పెళ్ళికి సర్కారు సాయం చేసే కల్యాణలక్ష్మి పథకం చూడండి. తహసీల్దారు విచారణ చేస్తారు, అర్హత తేలుతుంది, ఎమ్మెల్యే సంతకం కావాలి. చివరికి రూ.1,00,116 చెక్కును స్టేజీ మీద నిలబడి ఆయన చేతుల మీదుగానే తీసుకోవాలి. ఆ తల్లి చేతిలో పడుతున్నది పన్నుల సొమ్ము. ఫొటోలో మాత్రం ఆయన ఇచ్చేవాడు, ఆమె పుచ్చుకునేది. ఇలా పదేళ్ళు గడిస్తే సభలో ఏం అడిగావని ఆయన్ని ప్రశ్నించాలన్న ఊహే ఆమెకు రాదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఆ సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాలో పడాలి. ఎమ్మెల్యేకు అప్పుడు మధ్యాహ్నాలు ఖాళీ అవుతాయి, బిల్లులు చదవడానికి.

నిధుల లెక్క ఇంకొకటి. ఎంపీల స్థానికాభివృద్ధి నిధి ఏడాదికి రూ.5 కోట్లు, దాని పనుల వివరాలకు కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఉంది. తెలంగాణ 2021-22 బడ్జెట్‌లో ఎమ్మెల్యేల నియోజకవర్గ అభివృద్ధి నిధిని కూడా రూ.5 కోట్లకు పెంచారు. ఏ ఊరికి ఎంత, ఏ పనికి, ఎవరు కాంట్రాక్టరు, బిల్లు చెల్లించారా లేదా, ఇవన్నీ ఎమ్మెల్యే తనంతట తాను చెప్పాల్సిన సంగతులు. శిలాఫలకం మీద పేర్లన్నీ ప్రొటోకాల్ ప్రకారం ఉంటాయి, అంచనా విలువ ఉంటుంది, శంకుస్థాపన తేదీ ఉంటుంది. పని ఎప్పటికి పూర్తవ్వాలో ఆ రాయి మీద చెక్కరు.

ఆయన చెప్పేదాకా ఆగాల్సిన పనిలేదు. జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయంలో ఆ పనుల జాబితా ఉంటుంది. సమాచార హక్కు దరఖాస్తుకు జిల్లా స్థాయిలో రుసుము పది రూపాయలు, మండల స్థాయిలో ఐదు, గ్రామ స్థాయిలో ఏమీ లేదు, జవాబుకు గడువు 30 రోజులు. మీ ఎమ్మెల్యే ఈ సభలో ఇప్పటిదాకా అడిగిన ప్రశ్నల జాబితా కోసం అసెంబ్లీ సచివాలయానికి రెండో దరఖాస్తు పెట్టండి. రెండు జాబితాలూ చేతికొచ్చాక వాటిని అదే వాట్సాప్ గ్రూపులో, ఆ రోజు శంకుస్థాపన ఫొటోల కిందే పెట్టి జవాబు అడగండి.