పింఛను పోతుందన్న భయం, పనిలో మొదటి నెల

వికలాంగుల పింఛను నెలకు 4,016 రూపాయలు సరిపోతుందా, ఇంకా పెంచాలా అన్న వాదన మా నల్లగొండలో ఏ చాయ్ హోటల్ దగ్గర కూర్చున్నా వినిపిస్తుంది. పెంచాలనే నేనూ అంటాను. అయితే ఆ పింఛను మీద బతుకుతున్న మనిషి పనిలో చేరదామనుకుంటే మొదటి నెల ఎలా గడుస్తుందన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

మా బంధువుల్లో ముప్పై దాటిన ఒకతనికి చిన్నప్పుడు పోలియో వచ్చి కాలు సన్నబడింది. డిగ్రీ చదివాడు, కంప్యూటర్ మీద చెయ్యి తిరిగినవాడు. పోయినేడు చౌటుప్పల్ వైపు ఒక కంపెనీలో బిల్లులు చూసే పని దొరికింది. జీతమేమో నెల తిరిగాక. ఈలోగా గది అడ్వాన్సు, అద్దె, మెస్సు, కాలికి ఊతంగా కట్టుకునే కొత్త కాలిపర్ కలిపి 18 వేల దాకా లెక్క తేలింది. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తానంటే తల్లి అడ్డుపడింది: "నౌకరి ఇయ్యాలుంటది, రేపు పోతది. పింఛను ఒక్కపారి తీసేస్తే మళ్ల ఎవలిస్తరు బిడ్డా?"

ఆమెది అమాయకత్వమని కొట్టిపారేయలేం. 2014లో తెలంగాణలో ఆసరా పింఛన్ల పథకం మొదలైనప్పటి నుంచీ ఇంటి ఆదాయాన్నీ ఉద్యోగాన్నీ చూసే అర్హత తేలుస్తున్నారు. 40 శాతం వైకల్యం ఉందని ప్రభుత్వ డాక్టర్లు పరీక్షించి ఇచ్చే సదరం సర్టిఫికెట్ చేతిలో ఉన్నా, జీతం వచ్చే ఇల్లని రాసుకుంటే జాబితాలో పేరు ఉండదన్నది ఊరంతటికీ ఉన్న భయం.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది, సంతోషమే. కానీ ప్రైవేటు కొలువులో చేరేవాడి చేతిలో ఆ మొదటి రోజు ఛార్జీలకైనా డబ్బు పెట్టే ఏర్పాటు కావాలి. ఐర్లాండ్‌లో వికలాంగ భత్యం తీసుకునేవారు సొంత పని పెట్టుకుంటే, షరతులకు లోబడి, మొదటి ఏడాది ఆ భత్యాన్ని పూర్తిగా, రెండో ఏడాది 75 శాతం ఇస్తూ పోతారు. నేను అడిగేది కూడా దాదాపు అదే: పనిలో చేరిన రోజున ఒక్కసారిగా 20 వేలు, రెండేళ్లపాటు పింఛను జోలికి పోకపోవడం, ఉద్యోగం పోతే మళ్లీ సదరం క్యాంపు చుట్టూ తిప్పకుండా పాత పింఛనునే కొనసాగించడం.

మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగినవారి సంగతి వేరు. మిషన్ భగీరథ తాగునీటి పథకం కింద కృష్ణా నీళ్లు వచ్చాయి గానీ, వంగిన ఎముక తిరిగి సాగదు. వారిలో పూట పని చేయగలిగినవారికి కుట్టుమిషనో, చిన్న కిరాణా కొట్టో కావాలి. 2,016 రూపాయల పింఛనుతో నెట్టుకొస్తున్న ఒంటరి మహిళలనూ ఇందులో చేర్చాలి. పాలమూరు పల్లెల్లో వలస పోలేక ఆగిపోయిన అలాంటి ఆడవాళ్లు తక్కువేమీ కాదు.

మా వాడు చౌటుప్పల్ వెళ్లలేదు. ఊళ్లోనే జిరాక్స్ షాపులో కూర్చుంటున్నాడు. జీతం చేతికే ఇస్తారు, ఏ కాగితం మీదా రాయరు కాబట్టి పింఛను ఇప్పటికి క్షేమంగానే ఉంది.