చెప్పుల స్టాండు మీద తాళంచెవి

తెలివితక్కువ పనులను కొలవడానికి మన పెద్దలు కొన్ని సామెతలను ఏర్పాటు చేసి పోయారు. ‘దొంగ చేతికి తాళాలిచ్చినట్లు’ అనేది వాటిలో ఒకటి. తరతరాలుగా ఈ సామెతను మనం వెటకారానికే వాడుతూ వచ్చాం గాని, అందులో ఒక గొప్ప పరిపాలనా విధానం దాగి ఉందని తెలియడానికి 2024 దాకా ఆగవలసి వచ్చింది. ఆ కీర్తి కూడా మనకు దక్కలేదు, కెనడాలోని టొరంటో నగరానికి దక్కింది. అక్కడి ఎటోబికో ప్రాంతంలో పౌరుల భద్రత గురించి జరిగిన ఒక సమావేశంలో పోలీసు అధికారి ఒకరు లేచి, ఇంట్లో మీ మీద దాడి జరగకుండా ఉండాలంటే కారు తాళాలను వీధి తలుపు దగ్గరే ఉంచండి, వాళ్లు ఇల్లు పగలగొట్టేది కారు కోసమే, వాళ్లకు ఇంకేమీ అక్కరలేదు అని హితవు చెప్పారు. పట్టుబడుతున్న వారిలో చాలామంది దగ్గర తుపాకులు ఉంటున్నాయని, అవి బొమ్మ తుపాకులు కావని కూడా ఆయన వివరించారు. లోకమంతా నవ్వింది. సలహా సదుద్దేశంతో ఇచ్చినదే గాని దొంగతనాన్ని అడ్డుకొనే మార్గాలు వేరే ఉన్నాయని ఆ పోలీసు శాఖ తరువాత సర్దిచెప్పుకోవలసి వచ్చింది.

నేను మాత్రం నవ్వలేదు. అనంతపురంలో ఇంటి ఆవరణలో చోటు లేక కారును వీధిలోనే నిలుపుకొనే అనేకమంది గృహస్థులలో నేనొకణ్ణి. రాత్రి పది దాటాక తాళంచెవిని ఎక్కడ పెట్టాలనే ప్రశ్న మా ఇంట్లో పెళ్లి సంబంధం మాట్లాడుకున్నంత గంభీరంగా చర్చకు వస్తుంది. దేవుడి గూట్లో పెట్టమని మా అమ్మ అంటుంది. అక్కడికి దొంగ చేయి రాదని ఆమె నమ్మకం. గుళ్లలో హుండీలు పగిలిన వార్తలను పేపర్లో ఆమే మాకు చదివి వినిపిస్తుంది, అయినా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు. దిండు కింద పెట్టుకొమ్మని మా ఆవిడ అంటుంది. దిండు కింద పెట్టుకొన్న రాత్రి నేను పక్కకు ఒత్తిగిలితే బొత్తాం నొక్కుకొని వీధిలో కారు కుయ్యిమంటుంది, దానికి వీధికుక్కలన్నీ బదులు చెబుతాయి, ఆ కుక్కలకు జవాబుగా ఎదురింటి పెద్దాయన దగ్గుతాడు. ఎండాకాలం మిద్దె మీద పడుకొనే రోజుల్లో తాళంచెవి కూడా మాతోపాటే మిద్దె ఎక్కి, తెల్లవారేసరికి చాపలో చుట్టుకొనిపోయి, మరుసటి రాత్రి చాప పరిచేదాకా అజ్ఞాతవాసం చేస్తుంది. దొంగకు దొరకని చోటు కోసం వెతికిన ప్రతిసారీ యజమానికి దొరకని చోటే మాకు దొరికింది. అందువల్ల, వీధి తలుపు దగ్గర పెట్టమన్న టొరంటో సలహాను కొట్టిపారేసే హక్కు నాకు లేదనిపించి, దాన్ని మన ఊరికి ఎలా వర్తింపజేయాలో కొంత లోతుగా ఆలోచించాను.

మొదటి చిక్కు చట్టంలో వచ్చింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 303వ సెక్షన్ ప్రకారం, ఒకరి స్వాధీనంలోని చరాస్తిని వారి సమ్మతి లేకుండా దురుద్దేశంతో కదిలిస్తేనే అది దొంగతనం. తాళంచెవిని దొంగగారి సౌకర్యం కోసం చెప్పుల స్టాండు మీద పెట్టి, లైటు కూడా వేసి ఉంచిన యజమాని సమ్మతించినట్లా, సమ్మతించనట్లా? సమ్మతించినట్లే అయితే అది దొంగతనం కాదు, దానం. దానమంటే నీళ్లు ధారపోసి ఇవ్వాలి. మా వీధికి కుళాయి ఏ రోజు వస్తుందో తెలియదు గనుక ఆ క్రియ శాస్త్రోక్తంగా జరగడం కష్టం. రెండో చిక్కు బీమా. కారు పోయిందని క్లెయిము పెట్టుకొన్నవాణ్ణి కంపెనీవారు మొట్టమొదట అడిగేది కారుతో ఇచ్చిన రెండు తాళంచెవులనూ అప్పజెప్పమని. వాహనాన్ని కాపాడడానికి తగిన జాగ్రత్తలు తీసుకోవాలనే షరతు కూడా పాలసీలో ఉంటుంది. ‘ఒకటి బీరువాలో ఉంది, రెండవది పోలీసువారి హితవు మేరకు దొంగగారికే అందజేశాను’ అని రాసిన ఫారాన్ని ఆ కౌంటరులోని అమ్మాయి ఏ ముఖంతో చదువుతుందో ఊహించుకోవలసిందే. కెనడా సంగతి వేరు. అక్కడ పోయిన కార్లలో అనేకం కంటెయినర్లలోకి ఎక్కి మాంట్రియల్ రేవు గుండా దేశాలు దాటిపోతున్నాయి. 2024 ఫిబ్రవరిలో కార్ల దొంగతనాల మీదనే ఒట్టావాలో జాతీయ సదస్సు పెట్టుకొన్నారంటే అక్కడ ఈ వ్యవహారం ఎంత ముదిరిందో తెలుస్తుంది. అనంతపురానికి రేవు లేదు. ఆ మాటకొస్తే నీళ్లే లేవు.

ఈ రెండు చిక్కులనూ ఎలాగో దాటామనుకొందాం. అసలు గండం మా వీధిలోనే ఉంది. మా వీధి వెడల్పు సుమారుగా ఒక ఎద్దుల బండి పోయి ఇంకొక ఎద్దు పక్కన నిలబడగలిగినంత. ఇళ్లు కట్టినవాళ్లు అప్పట్లో ఎద్దులనే దృష్టిలో పెట్టుకొన్నారు. ఇప్పుడు ఆ వీధిలో రాత్రి తొమ్మిదికల్లా తొమ్మిది కార్లు ఒకదాని మూతికి ఇంకొకటి ముడ్డి తగిలేలా నిలుస్తాయి, వాటి పక్కన మోటారు సైకిళ్లు, వాటి మధ్య ఇడ్లీ బండి, ఆ చివర ఎవరి ఇంటికో దిగిన ఇసుక. ఇన్ని అవరోధాల నడుమ మా చెప్పుల స్టాండు మీది తాళంచెవిని దొంగ ఎంత మర్యాదగా తీసుకొన్నా, ముందున్న లెక్చరరుగారి కారును, దాని ముందున్న పురుగుమందుల అంగడి ఆసామి జీపును కదిలించనిదే మా కారు జానెడు కూడా కదలదు గనుక, అతడు ఆ రెండు ఇళ్ల తలుపులు కూడా తట్టి, ‘సార్, కొంచెం బండి తీస్తారా, పోవల్ల’ అని అడగక తప్పదు. అడిగితే లెక్చరరుగారు తీస్తారు, అది వేరే విషయం. బనియనుతోనే బయటికి వచ్చి, నిద్రకళ్లతో బండి వెనక్కి తీసి, దొంగ పోయేదాకా ‘రానీ, రానీ, కుడికి కొట్టు’ అని దారి కూడా చూపిస్తారు. మా వీధిలో ఎవరి కారు ఎవరు తీస్తున్నారని ఎవరూ అడగరు. తీస్తున్నారు కదా, అదే పదివేలు. కాబట్టి టొరంటో విధానాన్ని మా వీధిలో అమలు చేయాలంటే ఒక్క ఇంటివారు కాదు, తొమ్మిది ఇళ్లవారు తమ తాళంచెవులను వాకిళ్ల ముందు వరుసగా పెట్టాలి.

ఇంతకీ ఇదంతా తలుపు దాకా నడిచివచ్చే పాతకాలపు దొంగ గురించి. ఈ మధ్య తలుపు తాకే అవసరం లేని దొంగ ఒకడు తయారయ్యాడని మా అబ్బాయి చెప్పినప్పటి నుంచి మా ఇంట్లో నిద్ర కరువైంది. జేబులోంచి తీయకుండానే కారు తలుపు తెరుచుకొనే తాళంచెవులు వచ్చాయి కదా, మాదీ ఆ జాతిదే. కారు తలుపు పిడి మీది మీట నొక్కగానే కారు 125 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఒక సన్నని కేక వేస్తుంది. ఆ కేక ఒకటి రెండు మీటర్ల దూరం మాత్రమే వినబడుతుంది. దగ్గరలో ఉన్న తాళంచెవి దాన్ని విని, సాధారణంగా 433 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో, తన రహస్య సంకేతంతో జవాబు చెబుతుంది. సంకేతం సరిపోతే తలుపు తెరుచుకొంటుంది. దొంగలు ఈ సంకేతం జోలికి పోరు. ఒకడు కారు దగ్గర నిలబడతాడు, రెండవవాడు ఒక యాంటెన్నా పెట్టెతో ఇంటి గోడకు ఆనుకొని నిలబడతాడు, కారు వేసిన కేకను మొదటివాడు రెండవవాడికి, రెండవవాడు తాళంచెవికి అందిస్తారు. యజమాని పక్కనే ఉన్నాడని తాళంచెవి భ్రమపడుతుంది, తాళంచెవి పక్కనే ఉందని కారు భ్రమపడుతుంది, యజమాని గురక పెడుతుంటాడు. పెళ్లిళ్ల పేరయ్యలు ఇరువైపులా మాటలు మోసి సంబంధం కుదిర్చే పద్ధతికీ దీనికీ తేడా ఏమీ లేదు. స్విట్జర్లాండులోని జూరిక్ పరిశోధకులు 2011లోనే పది రకాల కార్ల మీద ఈ పని చేసి చూపించారు. అంటే మేము దేవుడి గూట్లో పెట్టినా, దిండు కింద పెట్టినా, గోడకు అవతలివాడు అడిగితే మా తాళంచెవి రాత్రంతా బదులు పలుకుతూనే ఉండిందన్నమాట. చెప్పుల స్టాండు మీద పెట్టకుండానే మేము టొరంటో పౌరులం అయిపోయాము.

దీనికి విరుగుడు ఇనప్పెట్టె కాదు, ఫారడే పంజరం. చుట్టూ లోహం కప్పి ఉంటే లోపలికి విద్యుత్ క్షేత్రం చొరబడదని మైకేల్ ఫారడే 1836లో నిరూపించాడు. ఆయన ఒక గదికే లోహపు రేకు తొడిగి చూశాడు. మనకు తాళంచెవి పట్టేంత చోటు చాలు. ఇందుకోసం ప్రత్యేకంగా సంచులు అమ్ముతున్నారు గాని, ఏ ఇంటి వంటగదిలోనైనా ఇరవై ముప్పై స్టీలు డబ్బాలు ఉండే దేశంలో సంచి కొనడం నాకు అవమానంగా తోచింది. మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టమనేవారు కూడా ఉన్నారు. పొద్దున్నే పాలు వేడిచేసేవారికి ఆ సంగతి గుర్తుండదు గనుక దాన్ని మా ఇంట్లో ఏకగ్రీవంగా తిరస్కరించారు.

అయితే ఏ డబ్బా పనికివస్తుందో పరీక్షించకుండా తెలియదు. పరీక్ష తేలికే: తాళంచెవిని డబ్బాలో పెట్టి, మూత బిగించి, డబ్బాను కారు తలుపు దగ్గరే పట్టుకొని పిడి మీది మీట నొక్కాలి. తలుపు తెరుచుకొంటే డబ్బా ఫెయిలు. ఒక ఆదివారం ఉదయం నేను వంటగదిలోని సరంజామాను వీధిలోకి మోయించాను. చపాతీలు చుట్టే అల్యూమినియం కాగితం ఒక పొరతో, మూలన చిన్న చిరుగుతో, మొదటి క్షణంలోనే ఫెయిలయింది. ప్లాస్టిక్ డబ్బా గురించి చెప్పనక్కరలేదు. పోపుల డబ్బా మూతకు గాజు బిళ్ల ఉండడం వల్ల పోయింది. కుక్కరు మీద నాకు గొప్ప ఆశ ఉండేది. దాని మూత కింది రబ్బరు నన్ను మోసం చేసింది. ఈలోగా లెక్చరరుగారు పేపరు మడిచి బయటికి వచ్చారు. ‘మూత మీద మూత వేసి చూడప్పా’ అన్నారు పురుగుమందుల ఆసామి. ఎదురింటామె తమ ఇంట్లో పెళ్లినాటి నేతిగిన్నె ఉందని పంపించింది. ఇడ్లీ బండి దగ్గర ప్లేట్లు పట్టుకొన్నవాళ్లు సగం తిని ఆపి, డబ్బా ఫెయిలయినప్పుడల్లా అయ్యో అన్నారు. పది గంటల ప్రాంతంలో, బిగుతైన మూత ఉన్న శెనక్కాయ విత్తనాల డబ్బాలో తాళంచెవిని వేసి మీట నొక్కితే కారు మూగబోయింది. మళ్లీ నొక్కాను, మళ్లీ మూగ. శెనక్కాయ పంటతోనే బతికిన జిల్లాలో ఆ గౌరవం వేరే డబ్బాకు దక్కి ఉంటే బాగుండేది కాదు. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది.

మా ఆవిడ మాత్రం చప్పట్లు కొట్టలేదు. పెనుకొండ దగ్గరి కార్ల కర్మాగారంలో ఏళ్ల తరబడి సుమారు 900 ఇంజన్లు మాయమయ్యాయని 2025లో పోలీసులు చెప్పినప్పుడు, అవి ఏ డబ్బాలో పెట్టుకోనందుకు పోయాయో నన్ను అడిగింది. ఇంటిదొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడని, ఫారడే అయితే అసలే పట్టలేడని, పైగా ఇంజను పోయిన కారుకు తాళంచెవితో పని ఉండదని నేను సమాధానం చెప్పాను. ఆమె సంతృప్తి చెందినట్లు కనబడలేదు. విత్తనాలను ఇంకొక డబ్బాలోకి వంచుకొని, ఈ డబ్బాను పైన అటక మీద పెట్టింది, ఎందుకంటే కిందనే ఉంటే అందరికీ తెలిసిపోతుందని.

పది రోజులు బాగానే గడిచాయి. పదకొండో రాత్రి మూడున్నరకు లెక్చరరుగారు తలుపు తట్టారు. కూతురిని విమానం ఎక్కించడానికి బెంగళూరు పోవాలి, మా కారు అడ్డంగా ఉంది. కరెంటు లేదు. నేను వంటగదిలోకి పోయి, సెల్‌ఫోను వెలుతురులో కందిపప్పు డబ్బా తెరిచాను, బెల్లం డబ్బా తెరిచాను, శెనక్కాయ విత్తనాల డబ్బా తెరిచాను, అందులో నిజంగానే విత్తనాలు ఉన్నాయి. డబ్బా మారిన సంగతి నిద్రమత్తులో నాకు తట్టలేదు. మా ఆవిడ మిద్దె మీద గాఢనిద్రలో ఉంది. బయట లెక్చరరుగారు గడియారం చూసుకొంటున్నారు. అప్పుడు వంటగది కిటికీ అవతల చీకట్లోంచి, ఎంతో ఓపికగా, ఒక గొంతు వినబడింది: ‘అది కాదు సార్. అటక మీద, ఎడమ పక్క, రొండో డబ్బా.’

అక్కడే ఉంది. కారు తీశాను, లెక్చరరుగారు వేళకు బయలుదేరారు. తెల్లవారాక కృతజ్ఞత చెప్పుకొందామని వీధిలో తొమ్మిది ఇళ్లకూ వెళ్లి, ఇడ్లీ బండివాణ్ణి కూడా అడిగాను. ఆ వేళకు తాము మేలుకొని లేమనే అందరూ చెప్పారు.