బొంతకీ మూడు ప్రమాద హెచ్చరికలుండాలి

గోదావరికి ఎంత కోపమొచ్చినా మర్యాద తప్పదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఏ హెచ్చరికకి గేదెల్ని గట్టెక్కించాలో, ఏ హెచ్చరికకి బియ్యం బస్తా అటకెక్కించాలో లంకల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇంత పద్ధతైన గడ్డ మీదకి ఈమధ్య మిస్టరీ బొంత అనేదొకటి వచ్చిపడింది. దానికి నీటిమట్టం లేదు, హెచ్చరిక లేదు. ఏ ఆకారంలో తేలుతుందో, మంచానికి సరిపోతుందో ఉయ్యాలకి సరిపోతుందో చెప్పదు. ముందు ఆరు మీటర్ల గుడ్డ కొనుక్కుని కూర్చోమంటుంది.

తెలియనివారి కోసం దాని విధివిధానాలు. డిజైను ఒకరి దగ్గరే ఉంటుంది. వారానికో నెలకో ఒక క్లూ వదులుతారు: ఇన్ని ముక్కలు, ఈ కొలతకి కోసి, ఇలా జత చేసి పక్కన పెట్టుకోండి. ఎందుకని అడగకూడదు. ఆఖరి క్లూతో అన్నీ కలిపితే బొంత పైభాగం బయటపడుతుంది. అమెరికాలో కొందరు దీన్ని నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు మొదలుపెట్టి, కొత్త సంవత్సరం వచ్చాక ముడి విప్పుతారు. వాళ్లకది మంచు కురిసే కాలం, ఇంట్లో కూర్చోక తప్పదు. మనకి ఆ రోజులు సార్వా కోతలు. ధాన్యం కళ్లంలో పెట్టుకుని త్రికోణాలు కోసే తీరిక ఎవరికుందో ఆలోచించాల్సిన విషయం.

అసలు మన స్వభావానికే ఇది పడదు. సంబంధం కుదుర్చుకునే ముందు మూడు తరాల ఆరా తీసే జిల్లాలివి. అలాంటిచోట సంభాషణ ఇలా నడుస్తోంది:

"ఏం కుడుతున్నారండీ వదినగారూ?"

"తెలీదండీ."

"మరి ఎనభై ముక్కలు కోసేశారేంటండీ?"

"కోయమన్నారండీ."

"ఎవరండీ కోయమన్నది?"

"ఆయ్, క్లూలో ఉందండీ."

పోనీ రహస్యమైనా నిలుస్తుందా అంటే అదీ లేదు. ఉదాహరణకి ఒక మిస్టరీ చూడండి. మొదటి క్లూ: 3.5 అంగుళాల ముక్కలు నాలుగేసి కలిపి, 6.5 అంగుళాల చదరాలు 20 చెయ్యండి (ప్రతి అంచునా పావంగుళం కుట్టుకి పోతుంది). రెండో క్లూ: ఫ్లయింగ్ గీస్ 80. నడుమ ఒక పెద్ద త్రికోణం, దానికి రెండు భుజాల మీద చిన్న త్రికోణాలు, పక్క ముక్కలతో కుట్టక ముందు మొత్తం కొలత 3.5 బై 6.5. మూడో క్లూ: 3.5 అంగుళాల ఒంటి చదరాలు 80. ఇక్కడితో అమలాపురంలో ఏ పెద్దమ్మగారైనా లెక్క తేల్చేస్తారు. ఇరవైకి ఎనభై, ఎనభై. అంటే ఒక్కో బ్లాకుకి, అదే బొంతలో మళ్లీ మళ్లీ వచ్చే ఒక్కో నమూనా చదరానికి, నడుమ ఒకటి, నాలుగు పక్కల నాలుగు, నాలుగు మూలల నాలుగు. పన్నెండంగుళాల రంపపుపళ్ల నక్షత్రం, మొత్తం ఇరవై. నాలుగో క్లూలో 2.5 బై 12.5 పట్టీలు 49, రెండున్నర అంగుళాల చదరాలు 30 అన్నారంటే వరసలు కూడా బయటపడ్డట్టే. నాలుగు నిలువు వరసలు, అయిదు అడ్డవరసలు, బ్లాకుల మధ్యా చుట్టూ పట్టీలు, పట్టీలు కలిసేచోట చిన్న చదరాలు. 49 మరెలాగా రాదు. పొయ్యి మీద పప్పు దించేలోపు తేలిపోయే ఈ రహస్యాన్ని మూడు నెలలు కాపాడటంలో జాతీయ ప్రయోజనం ఏమిటో సెలవియ్యాలి.

కాబట్టి డిజైను దాచుకోండి, అభ్యంతరం లేదు. దాచకూడనివి మూడున్నాయి. వాటికే ప్రమాద హెచ్చరికలు కావాలంటున్నాం.

మొదటి హెచ్చరిక పన్నా, అంటే గుడ్డ వెడల్పు, గురించి. క్లూలిచ్చేవాళ్ల లెక్కలన్నీ 42 అంగుళాల పన్నాకి వేసినవి. మనకి నేత గుడ్డ 36లోనూ దొరుకుతుంది. పైన చెప్పిన 80 గీస్‌కి, ఒక పెద్ద చదరం, నాలుగు చిన్న చదరాలు కలిపి కుట్టి కోస్తే నాలుగేసి ఒకేసారి తయారయ్యే పద్ధతిలో, 7.25 అంగుళాల పెద్ద చదరాలు 20, 3 7/8 అంగుళాల చిన్న చదరాలు 80 కావాలి. 42 పన్నాలో పెద్ద చదరాలు వరసకి అయిదొస్తాయి, నాలుగు వరసలు, 29 అంగుళాలు, అంటే ముప్పావు మీటరు. అదే 36 పన్నాలో అయిదో చదరానికి సరిగ్గా పావంగుళం తక్కువ పడుతుంది. ఇక వరసకి నాలుగే. ముప్పావు మీటరు కాస్తా 92 సెంటీమీటర్లవుతుంది. కొట్టువాడు గుడ్డ చింపేటప్పుడు వంకరపోయే రెండంగుళాలు దీనికి అదనం. ఇది నాలుగో నెలలో తెలిస్తే ఆ రంగు తాను కొట్లో ఉండదు. "అయిపోయిందండి, ఇదుగో ఇదీ అలాంటిదేనండి" అంటాడు. అలాంటిది కాదని అతనికీ తెలుసు.

రెండో హెచ్చరిక నేపథ్యం రంగు, అంటే నక్షత్రం వెనక కనిపించే రంగు, గురించి. క్లూలో "రంగు ఒకటి, రంగు రెండు" అని ఊరుకుంటే మనవాళ్లు చిలకాకుపచ్చ, పసుపు, వంగపండు రంగు, ఎరుపు తెచ్చి పెట్టుకుంటారు. దేనికదే ముచ్చటగా ఉంటుంది. నక్షత్రం మాత్రం కనపడదు. చూపుకి ఆకారం పట్టిచ్చేది రంగు కాదు, ముదురూ లేతల తేడా. ఎంచుకున్న గుడ్డలన్నీ పక్కపక్కన పరిచి ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీస్తే నిమిషంలో బండారం బయటపడుతుంది. రెండు గుడ్డలు ఒకే బూడిద రంగులో కనిపిస్తే అవి పక్కపక్కన ఉండకూడదు. ఎవరు ఎవరి పక్కనో చెప్పనప్పుడు ఈ జాగ్రత్త ఎలా తీసుకోవాలి? కనీసం ఏది నేపథ్యమో మొదటిరోజే చెప్పాలి. నిలువు గీతలు, ఒకవైపే చూసే నెమళ్లు ఉన్న గుడ్డలు వద్దని కూడా చెప్పాలి. ఈ పద్ధతిలో కోస్తే నాలుగు గీస్‌లో నెమలి నాలుగు దిక్కులకి తిరుగుతుంది.

మూడోది పూర్తయ్యాక కొలత. పైన చెప్పిన బొంత అయిదంగుళాల అంచుతో కలిపి 68 బై 82 వస్తుంది. ఇది ముందే తెలిస్తే దుప్పటి అనుకుని మొదలుపెట్టిన ఇంటికి దివాన్ కవరు మిగలదు.

హెచ్చరికల సంగతి ప్రభుత్వం చూసుకుంటుంది. గుడ్డ సంగతి ఎవరికివారే చూసుకోవాలి. కొత్త నేత గుడ్డకి గంజి ఉంటుంది, ఉతికితే కుదించుకుపోతుంది. అందుకని కోయకముందే ఉతికి గంజి వదిలించాలి. వదిలించాక మళ్లీ పలచగా గంజి పెట్టాలి. వినడానికి ప్రభుత్వ పథకంలా ఉన్నా కారణం ఉంది. త్రికోణం క్రాస్ అంచు, అంటే ఏటవాలుగా కోసిన అంచు, చేతిలోనే సాగిపోతుంది, గంజి లేకపోతే గీస్ ముక్కు ఒక్కోటీ ఒక్కో దిక్కు చూస్తుంది. ఎరుపు, నీలం గుడ్డల మీద తడి తెల్లగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె అదిమి చూడండి. తెల్లదానికి రంగంటితే విడిగా మళ్లీ ఉతకండి. వదలకపోతే దాన్ని జాకెట్టుకి కేటాయించండి.

కుట్టు పావంగుళం. ఒక్క నూలుపోగు తక్కువైతే ఇంకా మంచిది, మడత తినే గుడ్డని అది భర్తీ చేస్తుంది. మన కాలి మిషన్ల పాదం అంచు పావంగుళానికి ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. సూది నుంచి కొలిచి పలక మీద టేపు అతికించాలి. ఒకటిన్నర అంగుళాల పట్టీలు మూడు కుట్టి చూస్తే నడిమిది సరిగ్గా అంగుళం ఉండాలి. వీసం అంగుళం, అంటే 1/16, ఎక్కువ పట్టిందనుకోండి. రెండు ముక్కల్లోనూ తగ్గి కుట్టుకి 1/8 పోతుంది. ఈ బొంతలో నక్షత్రాల నడుమగా అడ్డంగా లెక్కపెడితే 21 ముక్కలు, 20 కుట్లు: రెండున్నర అంగుళాలు గోదాట్లో కలిసినట్టే. పైవరస మీదుగా 17 ముక్కలు, 16 కుట్లు: అక్కడ పోయేది రెండే. ఈ అరంగుళం తేడాని సాగదీసి సర్దేవారి ఓర్పుకి దండం పెట్టాలిగానీ బొంత ముడతలు పడటం మాత్రం ఆగదు.

కుట్టు మడత ముదురు గుడ్డ వైపు అదమమంటే అటే అదమాలి. ఇస్త్రీపెట్టెని రుద్దకూడదు, దించి ఎత్తాలి. పక్క ముక్క మడత రెండో వైపుకి ఉంటేనే కుట్లు ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి. ఆ పక్క ముక్కేదో ఇంకా చెప్పలేదు గనక, మొత్తం మిస్టరీలో నోరెత్తకుండా విధేయత చూపాల్సిన చోటు ఇదొక్కటే.

ఇంకో మాట. ఎనభై అంటే ఎనభై మూడు చేసుకోండి. మన వానాకాలంలో ముక్కలకి గుండుసూదులు గుచ్చి వచ్చే నెల క్లూ దాకా కవర్లో పెట్టకండి. తుప్పు మరక ఏ సబ్బుకీ లొంగదు. దారంతో గుచ్చి, క్లూ నంబరు రాసిన చీటీ కట్టండి.

లోపల దళసరి పాలిస్టరు వెయ్యమనేవాళ్లు భీమవరంలో మే నెల గడపనివాళ్లు. మెత్తబడ్డ పాత నూలు చీర రెండు పొరలు చాలు. అది కుదించుకోవాల్సిందంతా ఎప్పుడో కుదించుకుపోయింది. అడుగు గుడ్డ పైభాగం కంటే అన్ని వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువుండాలి, అంటే 76 బై 90. దీనికి ఆరు మీటర్లు కొనమనే క్లూ వస్తే కొనకండి. బండారులంక నేత చీర ఒకటి తీసుకుని 90 అంగుళాల తుండ్లు రెండు కోసి జత చెయ్యండి, వెడల్పుకి సరిపోగా మిగులుతుంది. అయిదున్నర మీటర్లలో ఇంకా 36 అంగుళాలుంటుంది. అందులో రెండున్నర అంగుళాల పట్టీలు ఎనిమిది కోస్తే చుట్టూ అంచు కట్టడానికి వస్తాయి. ఆఖరికి మిగిలే పదహారంగుళాల్లో జాకెట్టు రాదు, ఆ ఆశతో కొంగు వైపు నుంచి కోయడం మొదలుపెట్టకండి.