సోస్ట్రాటోస్ గారి గిన్నెకు బహిరంగ లేఖ

గిన్నెగారికి నమస్కారం. బ్రిటిష్ మ్యూజియం వారి సంరక్షణలో తమరు క్షేమమని తలుస్తాను.

తమరి ఒంటి మీద గీకింది నాలుగే మాటలు: "సోస్ట్రాటోస్ నన్ను ఆఫ్రొడైటీకి సమర్పించాడు". ఆఫ్రొడైటీ అంటే గ్రీకుల ప్రేమ దేవత. క్రీ.పూ. 600 ప్రాంతంలో, ఈజిప్టులో గ్రీకు వర్తకులు దిగే నౌక్రాటిస్ రేవులో జరిగిన ముచ్చట. మట్టికి నోరిచ్చారు, సంతోషం. ఆ నోటితో పలికించిందేమిటి? తమర్ని సారె మీద తిప్పిన కుమ్మరి పేరు లేదు. లోపల ఏం పోశారో లేదు. గ్రీకు రాతలో దాత పేరు మొదట, దేవత పేరు చివర! మన గుళ్లో ఫ్యాను రెక్కల మీద కూడా దాత పేరు ఉంటుంది గానీ, ఆ ఫ్యాను గాలి కూడా ఇస్తుంది.

లాభాల్లో సోస్ట్రాటోస్ అనే ఈజినా దీవి వర్తకుడికి సాటి ఎవరూ లేరని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. మీ దాత ఆయనేనని కొందరు పండితులు, కానే కాదని కొందరు. ఇటలీలో గ్రావిస్కా దగ్గర దొరికిన రాతి లంగరు ఒకటి "నేను ఈజినా అపోలో దేవుడిదాన్ని, సోస్ట్రాటోస్ నన్ను చేయించాడు" అంటోంది. మనుషులు వేరైనా జబ్బు ఒకటే. ఒకవేళ మీవాడే ఆ కుబేరుడైతే, దేవతకు మట్టిగిన్నె చదివించడానికి చెయ్యెలా వచ్చిందండీ?

హెరొడోటస్ అదేచోట సామోస్ దీవి వర్తకుల సంగతీ చెప్పాడు. వాళ్లు లాభంలో పదో వంతు, ఆరు టాలెంట్లు (టాలెంటు అంటే అప్పటి పెద్ద సొమ్ము లెక్క) తీసి, చుట్టూ గ్రిఫిన్ (గద్ద తల, సింహం ఒళ్లు ఉన్న కల్పిత జంతువు) తలలున్న పెద్ద కంచుపాత్ర చేయించి హేరా దేవత గుడికిచ్చారు. అది ఇప్పుడు లేదు. కంచుని కరిగిస్తే డబ్బొస్తుంది. పగిలిన మట్టిని ఎవరు కొంటారు? గుడికిచ్చింది దేవుడి సొత్తు, బయటికి తీసుకుపోకూడదు. చోటు చాలనప్పుడు పాతవాటిని గుడి ఆవరణలోనే గుంట తీసి పూడ్చేవారు. 1880ల్లో పురావస్తు పరిశోధకులు పెట్రీ, గార్డ్నర్ నౌక్రాటిస్‌లో తవ్వితే పెంకుల నిండా భక్తులే! చౌకగా ఇచ్చినవాళ్లకే పేరు నిలిచింది. పిసినారులకు ఇంతకన్నా శుభవార్త ఉంటుందా?

కియోస్ దీవి కుండల సరుకు సంగతి ఇంకా బాగుంటుంది. కొన్ని గిన్నెల మీద, వాటిని కాల్చకముందే, పేరు రంగుతో రాయించారు. అంటే భక్తి ముందే ఆర్డరిచ్చి, ఓడలో తెప్పించుకున్నారన్నమాట.

ఏథెన్స్ దగ్గర హైమెట్టోస్ కొండ మీద, జ్యూస్ దేవుడి బలిపీఠం దగ్గర, మీకన్నా పాతవాళ్లున్నారు. అక్కడ కొందరు కుండల మీద అక్షరమాల గీకి దేవుడికిచ్చేశారు. "ఇది స్వయంగా తానే రాశాడు" అని ఒక పెంకు మీద ఉంది. రాయడం అప్పట్లో కొత్త విద్య కదా, ఆ మురిపెం నాకు అర్థమవుతుంది.

మరి మీ సోస్ట్రాటోస్ స్వయంగా గీకాడా, రాత వచ్చినవాణ్ణి పట్టుకుని గీకించాడా? తీరిక ఉంటే రాయండి. దయచేసి తిరుగు టపాలో మళ్లీ ఆయన పేరే పంపకండి.

ఇట్లు,
మీ కుమ్మరి పేరు తెలుసుకోగోరే ఒక పాఠకుడు