ఎడమవైపు బోసిగా నిలబడ్డ ఫైకస్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మా కుండీలోని బోన్సాయ్ చెట్టు, ఫైకస్ మైక్రోకార్పా గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనని చూస్తేనే తెలుస్తోంది. ఒకే కణుపు దగ్గర మూడు చిగుళ్లు వేశారు, మూడూ కుడివైపే. ఇవాళ పొద్దున భూతద్దం పెట్టి మరీ చూశాను. మొన తేలిన లేతాకుపచ్చ తొడుగు, దాని లోపల చుట్టచుట్టుకుని నిగనిగలాడుతున్న బుల్లి ఆకు. చాలా ముచ్చటగా ఉన్నాయి. కాకపోతే వాటిని నేను అడగలేదు.

నేను అడిగింది ఎడమవైపు ఒక్కటి. మాను ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర ఉండాల్సిన కొమ్మ. బోన్సాయ్, అంటే చెట్టును కుండీలోనే చిన్నదిగా తీర్చిదిద్దే కళ, నేర్పేవాళ్లంతా దాన్ని 'మొదటి కొమ్మ' అంటారు, చెట్టు అందమంతా దాంతోనే మొదలవుతుందంటారు. దాని కోసం పద్ధతి ప్రకారమే తమరికి అర్జీ పెట్టుకున్నాను. కొన పెరుగుతున్నంతకాలం అక్కడ తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగి పక్క చిగుళ్లను లేవనివ్వదు. కొన తీసేస్తే అవి లేస్తాయి. కొమ్మ ఎటు కావాలో అటు తిరిగిన ఆకుకు కాస్త పైన కోయాలి, ఆ ఆకు మొదట్లోంచి రెమ్మ అటే వస్తుంది. ఇదీ ఒప్పందం. ఎడమకు తిరిగిన ఆకును ఏరి, దానికి పైనే కోశాను. కోసినచోట తెల్లటి బొట్టు ఒకటి ఉబ్బి, కాసేపు అక్కడే నిలబడి, మెల్లగా మాను మీదుగా జారింది. ఆ పాలు వేళ్లకు అంటుకుని జిగటగా సాగాయి, కత్తెర రెక్కల మధ్య ఆరిపోయి దాన్ని నోరు తెరవకుండా చేశాయి. అయినా ఏమీ అనలేదు. తడి గుడ్డతో తమరి గాయం తుడిచి, కత్తెర కడుక్కుని, ఎదురుచూడటం మొదలుపెట్టాను.

తమరేం చేశారు? సరిగ్గా ఆ ఎడమ ఆకునే పండబెట్టి రాల్చారు. దాని మొదట్లో ఉన్న చిగురు నల్లబడి ఎండిపోయింది. ఆ తర్వాత కాస్త కిందగా, అప్పటికే ఒక కొమ్మ ఉన్న కుడి కణుపు దగ్గర, ఈ మూడింటినీ బయటికి తీశారు.

అవి ఉన్నా ఇబ్బందే. ఒకేచోట అన్ని కొమ్మలు ఉంచితే అక్కడ మాను ఉబ్బి, కింద సన్నం, పైన లావు అవుతుంది. బోన్సాయ్‌లో అంతకన్నా అసహ్యమైన లోపం లేదని అందరూ ఒకే మాట. పోనీ తుంచేద్దామా అంటే, తుంచిన చోటే ఇంకా గుబురుగా వస్తారు. ఆ విషయంలో తమరి ఉత్సాహానికి లోటు లేదు.

ఎడమవైపు వెలుతురు చాలలేదేమో అనుకుని, కుండీ తిప్పి ఆ బోసి పక్కను కిటికీ వైపు పెట్టాను. దానికి అలిగి, ఉన్న ఆకుల్లో కూడా సగం నేల మీద పోశారు. ఆకులన్నీ తుంచేస్తే కొత్తవి చిన్నగా వస్తాయని ఒక పద్ధతి ఉంది, చెట్టు పూర్తి బలంగా ఉన్నప్పుడే చేయాలని దానికో హెచ్చరికా ఉంది. తమరు పద్ధతీ చూడలేదు, హెచ్చరికా చూడలేదు. జపాన్‌లో ఒక పైన్ బోన్సాయ్ ఉండేది. 1625 నుంచి పెంచుతున్న చెట్టు. 1945లో హిరోషిమా మీద బాంబు పడినప్పుడు ఆ ఊళ్లోనే ఉండి బతికింది. 1976లో దాన్ని పెంచుతున్న కుటుంబం అమెరికాకు కానుకగా ఇచ్చింది, ఇప్పటికీ వాషింగ్టన్‌లో పచ్చగా ఉంది. తమరు మాత్రం వెలుతురు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారినందుకు అంత శోకం పెట్టారు.

"ముందువైపు మార్చుకోవచ్చు కదా, అంత రాద్ధాంతం ఎందుకు" అని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. మార్చి చూశాను. ఎడమ బోసి పోయి కుడి బోసి వచ్చింది.

ఇక తమరూ గిమరూ నా వల్ల కాదు. నువ్వు. విను.

పోయిన ఆదివారం మధ్యాహ్నమంతా నీ దగ్గరే కూర్చున్నాను. ఎడమన రాకపోతే కుడి కొమ్మనే ముందునుంచి చుట్టూ తిప్పి ఎడమకు తెద్దామని. కొమ్మ లావులో మూడో వంతు ఉన్న అల్యూమినియం వైరు, నలభై అయిదు డిగ్రీల వాలు, చుట్టుకూ చుట్టుకూ మధ్య సమానమైన ఎడం. మొక్కై వంగనిది మానై వంగునా అన్న పెద్దలు చేతిలో వైరు పట్టుకుని అన్నట్టు లేదు. మొక్కగా ఉండగానే నువ్వు వంగినట్టు నటిస్తావు. వైరు ఉంచితే నీ బెరడులోకి దిగి మరచుట్టు మచ్చలు పడతాయి, ఎందుకంటే సరిగ్గా అప్పుడే నీకు లావెక్కాలని బుద్ధి పుడుతుంది. తొందరపడి తీస్తే కొమ్మ మెల్లగా కుడికి జరుగుతుంది. రోజూ కాస్త కాస్త, నేను గమనించనంత. ఇప్పుడు అది ఎక్కడుందో నీకూ తెలుసు.

లావంటే గుర్తొచ్చింది. కొమ్మకు వచ్చే లావు మానుకు ఎందుకు రాదు? పెన్సిలంత ఉన్నావు. మర్రి, రావి, మేడి మీ వంశమేనని ఎవరితోనైనా చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. 'జిన్‌సెంగ్' అనే ఆ ఉబ్బిన వేళ్ల దాయాదులు, నెత్తిన వేరే రకం కొమ్మలు అంటు కట్టించుకుని, కుండీలో కాళ్లు బారజాపుకుని కూర్చుంటారు. వాళ్లలా ఉండమని అనడం లేదు. ఊడల సంగతి కూడా ఎత్తను. గాలిలో తేమ బాగుంటే నీకు ఊడలు దిగుతాయన్నారు, ఒకటి దిగింది. ఏ వైపో చెప్పక్కర్లేదు.

పోనీ అసలు చిగుళ్లే వేయలేని మొండి మొక్కవా అంటే అదీ కాదు. ముసలి బెరడు చీల్చుకుని కూడా చిగురు వేస్తావు. ఆరేడు ఆకులు రానిచ్చి రెండు ఆకులకు కోస్తే, కోసిన ప్రతిచోటా కొత్తగా లేస్తావు. ఎంత కోసినా చావవని, నేర్చుకునేవాళ్లకు నీ అంత ఓర్పున్న చెట్టు లేదని నిన్ను చేతిలో పెట్టారు. నిజమే, ఓర్పు ఉంది. అంత ప్రాణం ఉన్నదానివి, ఆ ఒక్క అంగుళంలో ఏం వచ్చింది నీకు? ఎడమవైపు! ఒక్క చిగురు! అక్కడ ఆకు మచ్చ కూడా ఉంది, కణుపు ఉంది, ఎండ తగులుతోంది, దాని కింద వేరు కూడా బలంగానే ఉంది. కావాలని చేస్తున్నావు.

అందుకే నిర్ణయం తీసుకున్నాను. నీ మానుకు అడ్డంగా రంధ్రం వేస్తాను. కుడివైపు వేసిన చిగుళ్లలో ఒకదాన్ని పొడుగ్గా పెరగనిచ్చి, ఆకులు తీసేసి, ఆ రంధ్రంలోంచి ఎడమవైపుకు దూరుస్తాను. అది పెరుగుతూ నీ మానుతో అతుక్కుపోతుంది. బయటికి వచ్చిన వైపు లోపలికి వెళ్లిన వైపుకన్నా లావెక్కిన రోజున కుడివైపు తెగ్గోస్తాను. ఆ తర్వాత దాన్ని ఎడమ కొమ్మగా నువ్వే పోషించాలి. ఇందులో నీ ఇష్టంతో పని లేదు.

ఒక్కటే చిక్కు. పెన్సిలంత మానుకు రంధ్రం వేస్తే రెండుగా చీలుతుంది. ముందు నువ్వు లావెక్కాలి. లావెక్కాలంటే ఆకులు ఎక్కువ ఉండాలి, ఆకులు ఉండాలంటే కత్తెర పెట్టకుండా నిన్ను నీ ఇష్టానికి వదిలేయాలి, వీలైతే ఇంకాస్త పెద్ద కుండీలోకి మార్చాలి. అంటే మొదటి నుంచీ నీకు కావలసిందేదో అదే చేయాలి.

సరే, పెరుగు. కత్తెర కడిగి లోపల పెట్టేశాను. కుండీ తిప్పను, కిటికీ మార్చను, వైరు చూపించను. ఆ మూడు చిగుళ్లలో మధ్యది మాత్రం నాది. దానికి ఇప్పుడే ఎర్రదారం కట్టాను.

ఇట్లు,
ఎడమవైపే కుర్చీ వేసుకుని కూర్చున్న
తమ విధేయుడు