మెర్క్యురీ బావ

ఈత రానివాళ్ళకు ఈత కళ్ళద్దాల మీద ఉన్నన్ని అభిప్రాయాలు ఈత వచ్చినవాళ్ళకు ఉండవు. మా అక్క బీచ్‌కు వెళ్ళినా చీర కుచ్చిళ్ళు తడవనివ్వదు. అయినా కొడుకును అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో సమ్మర్ స్విమ్మింగ్‌కు చేర్చిన రోజే తీర్పు చెప్పేసింది.

"వాడికి తెల్లద్దాలే కొనండి. నల్లవి పెడితే వాడు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో గట్టు మీద కూర్చున్న నాకెలా తెలుస్తుంది?"

ఇందులో గట్టి పాయింటే ఉంది. పిల్లలకు నేర్పే కోచ్‌లు చాలామంది ఇదే మాటంటారు. నీళ్ళలో పిల్లవాడు భయపడితే ఆ సంగతి నోటికంటే ముందు కళ్ళే చెబుతాయి. కానీ అక్క అంత తొందరగా, అంత సరిగ్గా చెప్పేయడం బావకు నచ్చలేదు. పిల్లాడి వరకు సరేగానీ తనకు మాత్రం నల్లవే కావాలన్నాడు. కొడుకుతో పాటు తనూ దిగుతాడట. దగ్గరుండి నేర్పిస్తాడట.

బావది తెనాలి వైపు. నడుముకు బెండ్లు కట్టుకుని కాలవలో నేర్చుకున్న ఈత. అక్కడ గాగుల్స్ లేవు, క్యాప్ లేదు, కొన్నిసార్లు నిక్కరు కూడా లేదు. నీళ్ళలో కళ్ళు తెరిస్తే అంతా మసక. (నీరు నేరుగా తగిలితే కంటి ముందుపొరకు కాంతిని వంచే శక్తి దాదాపు పోతుంది. కంటి ముందు కాస్త గాలిని ఆపి ఉంచడమే గాగుల్స్ అసలు పని. రంగు సంగతి తర్వాత.) ఆ మసకలోనే గేదెల మధ్య నుంచి ఈదుకుంటూ వచ్చేవాణ్ణని గొప్పలు చెప్పే మనిషి, ఇప్పుడు లెన్సు రంగు కోసం అర్ధరాత్రి దాటేదాకా ఫోన్లో వీడియోలు చూశాడు.

ఆదివారం పూట నన్ను వెంటబెట్టుకుని ఎల్బీ స్టేడియం దగ్గర ఓ స్పోర్ట్స్ షాపుకు వెళ్ళాడు. షాపతను అడిగింది ఒకటే ప్రశ్న.

"సార్, మీ పూల్ మీద రూఫ్ ఉందా, ఓపెనా?"

దానికి జవాబు చెబితే బేరం అక్కడితో అయిపోయేది. మా క్లబ్‌హౌస్ పూల్ సెల్లార్‌లో ఉంది. దాని పైన కార్ల పార్కింగ్. మాది సాయంత్రం ఏడింటి బ్యాచ్. బావ ఇవేవీ చెప్పకుండా, "యూవీ ప్రొటెక్షన్ ఉందా?" అని ఎదురు ప్రశ్న వేశాడు.

"అన్నిట్ల ఉంటది సార్. తెల్లదాంట్ల గూడ ఉంటది."

ఇది నిజం. ఈ లెన్సులు ఎక్కువగా పాలీకార్బొనేట్‌తో చేస్తారు. రంగు ఉన్నా లేకపోయినా ఆ ప్లాస్టిక్కే అతినీలలోహిత కిరణాలను చాలావరకు ఆపేస్తుంది. నలుపు ఆపేది ఉత్త వెలుతురును. బావ నమ్మలేదు. తెల్లది ఏదైనా ఎలా ఆపుతుంది, గొడుగులు నల్లగా ఎందుకుంటాయి మరి అని వాదన పెట్టుకున్నాడు. షాపతనికి ఓపిక ఎక్కువ.

"ఎండలైతే నల్లది తీస్కోండి. లోపలైతే తెల్లది. గింతే సార్."

బావ చూపు మాత్రం పై వరసలో మెరిసిపోతున్న మెర్క్యురీ కోటింగ్ జత మీద ఆగిపోయింది. మనం పెట్టుకుంటే ఎదుటివాడికి వాడి మొహమే కనబడే రకం. ఏప్రిల్ మధ్యాహ్నం, 40 డిగ్రీల ఎండలో, ఓపెన్ పూల్‌లో వెల్లకిలా ఈదేవాడికి అవి మహాప్రసాదం. సూర్యుణ్ణి వచ్చినదారినే తిప్పి పంపిస్తాయి. సెల్లార్‌లో సూర్యుడెక్కడున్నాడు?

సైజు చూడటానికి స్ట్రాప్ తగిలించుకోకుండా కళ్ళ మీద నొక్కి వదలమన్నాడు షాపతను. చెయ్యి తీసినా కాసేపు అతుక్కుని ఉంటే సరిపోయినట్టే. బావకు భేషుగ్గా అతుక్కున్నాయి. వాటితోనే అద్దం దాకా నడుస్తూ, దారిలో క్రికెట్ ప్యాడ్లు తొడిగి నిలబెట్టిన బొమ్మకు "కొంచెం జరగండి సార్" అని చెప్పాడు. బొమ్మ జరగలేదు. బావే మర్యాదగా పక్కనుంచి వెళ్ళాడు.

తిరుగు దారిలో లకడీకాపూల్ సిగ్నల్ దగ్గర, "బావా, మన సెల్లార్‌లో వీటితో ఏం కనబడుతుంది?" అన్నాను.

"2008 బీజింగ్‌లో ఫెల్ప్స్‌కు ఏం కనబడిందిరా?"

రాత్రంతా చూసిన వీడియోల ఫలం ఇది. ఆ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈత ఫైనల్లో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ గాగుల్స్ నిండా నీళ్ళు చేరాయి. చివర్లో దాదాపు ఏమీ కనబడకుండానే ఈది, 1 నిమిషం 52.03 సెకన్లలో ముగించి, బంగారు పతకంతో పాటు ప్రపంచ రికార్డు కూడా పట్టుకెళ్ళాడు. అంతా నిజమే. కాకపోతే గోడ ఎంత దూరంలో ఉందో తెలియడానికి ఆయన తన స్ట్రోకులు లెక్కపెట్టుకున్నాడు. బావ ఆ ముక్క వదిలేశాడు.

ఇంటికి రాగానే అక్క ధర అడిగింది. చెప్పాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "1926లో ఇంగ్లిష్ చానెల్ ఈదిన ఆవిడ, గెర్ట్రూడ్ ఎడర్లీ, మోటార్‌సైకిల్ కళ్ళద్దాలకు మైనం పూసుకుని దిగిందటండీ" అంది. వీడియోలు అక్క కూడా చూస్తోందని బావకు అప్పుడే తెలిసింది.

మర్నాడు సాయంత్రం క్లబ్‌హౌస్‌లో పిల్లల గోల మామూలుగా లేదు. క్యాప్ లేనిదే నీళ్ళలోకి దిగనివ్వరు కాబట్టి అందరికీ నీలం క్యాపులు వాళ్ళే ఇచ్చారు. జుట్టు, చెవులు లోపలికి పోయాక ఎనిమిదేళ్ళ పిల్లల్ని కన్నతల్లి కూడా రెండుసార్లు చూస్తేగానీ గుర్తుపట్టదు. పైన నాలుగు ట్యూబులైట్లు. అందులో ఒకటి కొట్టుకుంటోంది.

బావ దిగేముందు అద్దాల లోపల కాస్త ఆవిరి పట్టిందని టవల్‌తో బరబరా రుద్దాడు. ఆవిరి పట్టకుండా లోపల సన్నటి పూత ఉంటుంది, వేలితో కూడా తుడవద్దని ప్యాకెట్ మీదే రాసి ఉంది. చదవాల్సినవాడు ఆ పాటికి గాగుల్స్ బిగించుకుని, మెట్లను కాలితో వెతుక్కుంటున్నాడు.

అలా నలుపు మీద ఆవిరి, ఆవిరి మీద సెల్లార్ చీకటి. బావ నీళ్ళలోకి దిగి, చేతికందిన మొదటి నీలం క్యాపును దగ్గరికి లాక్కున్నాడు.

"మొహం నీళ్ళలో పెట్టు కన్నా. నోటితో గాలి వదులు. బుడగలు రావాలి."

బుడగలు వచ్చాయి. బావ నిర్ఘాంతపోయాడు. ఇంట్లో పాలు తాగమంటే గంటసేపు లాయర్‌లా వాదించే కొడుకు, చెప్పగానే మొహం ముంచాడు. మోకాళ్ళు వంచకుండా కాళ్ళు కొట్టమంటే కొట్టాడు. తేలమంటే తేలాడు. "నేను దిగకపోవడం వల్లే వీడు ఇన్నాళ్ళూ ఇలా తయారయ్యాడు" అని గట్టు వైపు తిరిగి అన్నాడు బావ. అక్కడ ఉన్నది స్తంభం.

అసలు కొడుకు నా పక్కన బెంచీ మీద కూర్చుని, తెల్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఉస్మానియా బిస్కెట్ తింటున్నాడు. ఒంటి మీద చుక్క తడి లేదు.

"మామయ్యా, నాన్న ఎవరికో నేర్పిస్తున్నాడు" అన్నాడు మెల్లగా. "చెప్పకు. ప్లీజ్."

పిల్లాడు అంతగా బతిమాలితే కాదనడానికి మనసొప్పలేదు. పైగా పాఠం బాగా సాగుతోంది.

అవతల గట్టు మీద ఓ పెద్దాయన ఆనందంతో అటూ ఇటూ నడుస్తున్నాడు. అసలు కోచ్ లోతువైపు నుంచి వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"సార్, గా పిలగాడు నా బ్యాచ్."

"వీడు నా కొడుకు" అన్నాడు బావ గర్వంగా.

నీలం క్యాపు అప్పుడు మొదటిసారి నోరు విప్పింది. "కాదంకుల్."

బావ గాగుల్స్ పైకెత్తాడు. కళ్ళ చుట్టూ రెండు ఎర్రటి వలయాలు. ఎదురుగా ముందు పళ్ళు ఊడిన ఎవరో పిల్లవాడు నవ్వుతున్నాడు. సరిగ్గా అప్పుడే అక్క టవల్ పట్టుకుని లిఫ్టులోంచి దిగింది.

"ఏవండీ, ఎవరా అబ్బాయి? మనవాడేడీ?"

మనవాడు రెండో బిస్కెట్ గబుక్కున నోట్లో పెట్టుకున్నాడు.

బావ ఏదో చెప్పబోయాడు గానీ, ఈలోగా పెద్దాయన వచ్చి తడిచెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. "మా మనవడు షవర్ కింద తల పెట్టడానికే భయపడేవాడు సార్. మీరు చిటికెలో ముంచేశారు. నెలకు ఎంత తీసుకుంటారు?" పక్కన అసలు కోచ్ మొహం చూడాల్సింది. బావ సిగ్గుపడ్డాడు, కానీ చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆ రాత్రే అక్క ఫోన్లో తెల్లద్దాల జత ఆర్డర్ పెట్టేసింది. అవి వచ్చిన రోజు బావ బుద్ధిగా పెట్టుకుని, కొడుకు మొహాన్ని రెండుసార్లు పరీక్షగా చూసి, చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. పెద్దాయన గట్టు మీద అటూ ఇటూ వెతుక్కుంటూ వచ్చి బావనే అడిగాడు.

"బాబూ, ఆ మెరిసే అద్దాల కోచ్ సార్ రాలేదా ఇవాళ?"

బావ తెల్లద్దాల్లోంచి ఆయన్ని స్పష్టంగా చూస్తూ చెప్పాడు. "సెలవు పెట్టారండీ."